కారణం గడిలో రాసిన మాట

ఇనపపట్టీ అడుగున నీలిరంగును అద్దం మీద ఊదిన ఊపిరిలా పలచగా పూసి, ఆమె దాన్ని రెండు చేతులతో లేత్ మిషన్ బెడ్ మీదికి, ఆ పొడవాటి ఇనప పీఠం మీదికి దించింది. జానెడు ముందుకూ, జానెడు వెనక్కూ జరిపింది. మళ్లీ ఎత్తి గోడకు ఆనించింది. బెడ్ మీద మిట్టగా ఉన్నచోటల్లా నీలిచుక్కలు పడ్డాయి. చుక్కలు ఎంత దట్టంగా, సమంగా పడితే బెడ్ అంత మట్టంగా ఉన్నట్టు. నుదుటి మీది కళ్లజోడును ముక్కు మీదికి లాక్కుని వంగి చూసింది.

"ఎన్ని?" గుమ్మం దగ్గర కుర్చీలోంచి అన్నయ్య అడిగాడు.

"చదరపు అంగుళానికి పన్నెండు. ఈ మూల మాత్రం తొమ్మిదే."

"ఆ మూల ఇంకోసారి గీకు."

"నువ్వు చెప్పేలోపే స్క్రేపర్ తీశానులే. కాస్త ఊపిరి తీసుకోనివ్వు."

పాత ఆకురాయి కొసను సానబట్టి అన్నయ్యే చేసిచ్చిన స్క్రేపర్ అది. పిడిని తుంటి ఎముకకు ఆనించి, ఒళ్లంతా ముందుకు వాల్చి నెట్టాలి. నెట్టినప్పుడల్లా పిసరంత ఇనుము పొడిగా లేచేది. అరవై ఒకటో ఏట నేర్చుకున్న పని. మొదటి నెలంతా ఆ తుంటి మీద అరచేయంత కమిలిన మచ్చ ఉండేది. ఇప్పుడక్కడ చర్మం మొద్దుబారింది.

"నొక్కుడెక్కువైంది. చప్పుడు మారింది చూడు," అన్నాడు అన్నయ్య కళ్లు మూసుకునే.

ఆమె నొక్కుడు తగ్గించింది.

వంటింటి వెనక, రేకుల కింద ఉన్న గది అది. ఒకప్పుడు సైకిళ్లు, విరిగిన కుర్చీలు పెట్టుకునేవారు. ఇప్పుడు లేత్ ముందువైపు మనిషి నిలబడేంత చోటు, వెనకవైపు పక్కకు తిరిగితే తప్ప పట్టనంత చోటు మిగిలాయి. గోడకు మేకులు, మేకులకు పళ్లచక్రాలు, ఒక్కోదాని మీద సుద్దముక్కతో అన్నయ్య వేసిన వంకరటింకర అంకెలు. రెండేళ్లుగా ఆయన చేతులు వణుకుతున్నాయి. గుండె కూడా మునుపటిలా లేదని, బరువులు ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకే ఆయన నోరు, ఆమె చెయ్యి కలిసి పనిచేస్తున్నాయి.

వదిన రెండు గ్లాసుల టీ తెచ్చి, పెట్టడానికి చోటు దొరక్క, కిటికీ అంచున పెట్టింది.

"ఎనిమిది నెలలైంది, అన్నాచెల్లెళ్లిద్దరూ దీని వీపు గోకడం మొదలెట్టి," అంది. "నా వీపు గోకమంటే మాత్రం ఈయనకు చెయ్యి లేవదు."

"నీ వీపు మట్టంగానే ఉందిలేవే," అన్నాడు అన్నయ్య.

"సంబడం! మాత్ర వేసుకున్నారా?"

"వేసుకున్నాను."

"మింగారా, జేబులో వేసుకున్నారా?"

ఆయన జేబులోంచి మాత్ర తీసి, టీతో మింగాడు. ఆమెకు నవ్వొచ్చింది. నవ్వితే స్క్రేపర్ గాటు పెడుతుందని ఆగి, నవ్వేశాక మళ్లీ మొదలుపెట్టింది.

ఫ్యాక్టరీలో ఆమెను 'వెంట్రుకవాసి' అనేవారు. ఎదుట కాదు, చాటున. పంపులకు ఇరుసులు చేసే ఫ్యాక్టరీ అది. టర్నర్లు తిప్పిన ప్రతి ఇరుసూ తనిఖీ గదిలో ఆమె బల్ల మీదికి రావాలి. మైక్రోమీటరులో మూడుచోట్ల కొలిచి, సరిపోతే కుడిచేతి డబ్బాలోకి, లేకపోతే ఎడమచేతి డబ్బాలోకి వేసేది. వెంట్రుకవాసి తేడా ఉన్నా ఒప్పుకునేది కాదు. ఆ ఉద్యోగం వేయించింది అన్నయ్యే. అప్పటికే ఆయన పదకొండో నంబరు లేత్ మీద చేయి తిరిగిన పనివాడు. పొద్దున ఇద్దరూ కలిసి వెళ్లేవారు, సాయంత్రం కలిసి వచ్చేవారు. ఆయన సైకిలు నడిపించుకుంటూ వచ్చేవాడు, ఆమె పక్కన నడిచేది.

పందొమ్మిదేళ్ల కిందట ఒక బుధవారం అన్నయ్య తిప్పిన అరవై ఇరుసులు ఆమె బల్ల మీదికొచ్చాయి. నలభైమూడు ఎడమచేతి డబ్బాలోకి వెళ్లాయి. అన్నిటికీ ఒకే జబ్బు, లేత్ ఇరుసును బిగించి పట్టుకునే చక్ వైపు కొస రవ్వంత లావు. అంటే, తోసేయడం తప్పు కాదు. కాగితంలో చివరన 'కారణం' అని ఒక గడి ఉండేది. భోజనం గంట కొట్టేశారు, ఆమెకు ఆకలిగా ఉంది. ఆ గడిలో 'పనివాడి అజాగ్రత్త' అని రాసి సంతకం పెట్టింది.

ఆ నెలలో అన్నయ్య ఫోర్‌మన్ కావాలి. కాలేదు. ఆయన తర్వాత ఎనిమిదేళ్లకు చేరినవాడు అయ్యాడు. ఆ బుధవారం సాయంత్రం కూడా అన్నయ్య గేటు దగ్గర ఆమె కోసం ఆగాడు, సైకిలు నడిపించుకుంటూ పక్కనే వచ్చాడు, వర్షం వచ్చేలా ఉందన్నాడు. అంతే. ఆ తర్వాత ఆమెకు ఆలస్యంగా పెళ్లి కావడం, ఆమె భర్త పోవడం, ఆమె మళ్లీ ఈ ఇంటికే రావడం, అన్నీ జరిగాయి. ఆ కాగితం గురించి మాత్రం ఒక్కరూ నోరు విప్పలేదు.

ఫ్యాక్టరీ మూతపడ్డాక లేత్‌లన్నీ పాత ఇనుము కొనేవాళ్ల దొడ్లోకి పోయాయి. రెండు వానాకాలాలు తడిసి, చిలుము పట్టి, నత్తలు కాపురం పెట్టిన పదకొండో నంబరును అన్నయ్య వెతికి పట్టుకుని, లారీలో వేయించుకుని ఇంటికి తెచ్చాడు. ముసలితనంలో మమకారం అనుకున్నారంతా. ఆమె కూడా అలాగే అనుకుంది. మొదటివారం చిలుము వదలగొట్టి ఇనపపట్టీ ఆనించి చూసేదాకా. చక్ దగ్గర, ఇనుము చెక్కే టూల్‌ను మోస్తూ రోజూ టూల్ బండి నడిచిన మేర, పట్టీకీ బెడ్‌కీ నడుమ సందు కనిపించింది. ఆమె ఒక కాగితం ముక్క దూర్చింది. అది అవతలికి వచ్చేసింది. ముప్ఫై ఏళ్ల రాపిడికి బెడ్ అక్కడ పల్లం పడింది. పల్లంలోకి దిగిన టూల్ ఇరుసు నుంచి వెనక్కి జరుగుతుంది. అప్పుడు ఇరుసు ఆ కొసన లావుగానే వస్తుంది, తిప్పేది ఎవరైనా సరే.

ఆమె కాగితం చేత్తో పట్టుకుని నిలబడిపోయింది. అన్నయ్య చూశాడు. "పల్లాన్ని పూడ్చలేం. మిగతాదంతా దాని మట్టానికి దించాలి. చాలా రోజుల పని," అన్నాడు. మర్నాడు ఆమె స్క్రేపర్ పట్టుకుంది.

మధ్యాహ్నం మూడింటికి ఆ మూల కూడా పన్నెండు చుక్కలు పడ్డాయి. బెడ్ తుడిచి, నూనె రాసి, టూల్ బండి ఎక్కించారు. జానెడున్నర ఇనుపకడ్డీని ఆమె చక్‌లో బిగించింది. అన్నయ్య గోడ పట్టుకుని లేచి వచ్చి నిలబడ్డాడు. టూల్ దగ్గరకు తెచ్చేటప్పుడు చెయ్యి వణికింది. తిట్టుకుని, రెండో చేతితో మణికట్టు పట్టుకుని, పిసరంత లోతు ఇచ్చాడు. మోటారు వేసి, టూల్ తనంతట తానే నడిచే మీట వేసి, రెండు చేతులూ వెనక్కి తీసేశాడు.

"నా చెయ్యి లేదిక. మిషనే చెప్పాలి," అన్నాడు.

టూల్ నడిచింది. పొట్టు ఒకే తీరుగా, చిన్న చిన్న చుట్టలుగా రాలింది. ఈ కొస నుంచి ఆ కొసకు చేరేదాకా ఇద్దరూ దాన్నే చూశారు. మోటారు ఆగాక ఆమె మైక్రోమీటరు తుడిచి కొలిచింది. మొదట ఇటు కొస, తర్వాత నడుమ. చక్ వైపు కొస రెండుసార్లు కొలిచింది.

"ఎంత?"

"మూడుచోట్లా ఒకటే."

ఆయన తలాడించి, వెళ్లి కుర్చీలో కూలబడ్డాడు. ఆమె మైక్రోమీటరు పెట్టెలో పెట్టలేదు. చేతిలోనే తిప్పుతూ నిలబడింది.

"అన్నయ్యా, ఆ రోజు..."

"ఆ రోజు తేడా ఉందా, లేదా?"

"ఉంది."

"మరి ఉన్నది ఉన్నట్టు రాశావు."

"కొలత ఉన్నట్టే రాశాను. కారణం చూడకుండా రాశాను. లేచి వచ్చి నీ మిషన్ చూడాల్సింది. రాలేదు."

ఆయన పక్కన పెట్టె మీదున్న కమలాపండు చేతిలోకి తీసుకున్నాడు. వంటింట్లో వదిన గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"అవును. చూడకుండా రాశావు," అన్నాడు. గొంతులో కోపం లేదు, కాదనడమూ లేదు. "కానీ నిన్ను నిలదీయడానికి తేలేదు చెల్లాయ్ దీన్ని. నువ్వు రాసిందే నిజమేమో అనుకున్నాను. నిజంగా నా చెయ్యే జారిందేమోనని. పందొమ్మిదేళ్లు అదే అనుమానం. తెలుసుకుందామని తెచ్చాను."

ఆమె కళ్లజోడు తీసి, కొంగుతో తుడిచింది. అద్దాలకు నీలిరంగు అంటింది.

"అంత నీలం ఏంటే, నాటకంలో దేవుడి వేషంలా ఉన్నావు," అని నవ్వి, "పో, చేతులు కడుక్కుని రా. పండు ఒలిచి పెడతాను," అన్నాడు.

పెరట్లో కుళాయి దగ్గర రంగు ఓ పట్టాన వదల్లేదు. గోళ్ల సందుల్లో ఇరుక్కుంది. కొబ్బరిపీచు పెట్టి తోమింది. దండెం మీది బట్టలు తీసుకుపోతూ వదిన, "అయిందా మీ మిషన్ పెళ్లి పని?" అంది. "అయింది వదినా," అంది ఆమె. చాలా రోజుల తర్వాత గొంతు తేలిగ్గా వచ్చినట్టు ఆమెకే తెలిసింది.

తిరిగి వచ్చేసరికి అన్నయ్య కుర్చీలో కాస్త పక్కకు ఒరిగి ఉన్నాడు. గడ్డం ఛాతీకి ఆనింది. కునుకు తీస్తున్నాడనుకుంది. చేతులు చూసింది. వణకడం లేదు. దగ్గరకెళ్లి మణికట్టు పట్టుకుంది, ఒకసారి, మళ్లీ ఇంకోచోట, మళ్లీ మెడ దగ్గర. ఆ తర్వాత వెళ్లి లేత్ స్విచ్చి కట్టేసి ఉందో లేదో చూసింది. ఎందుకు చూసిందో తెలియదు. గుమ్మంలోకి వచ్చి, "వదినా, ఒకసారి రా," అంది, బట్టలు మడత పెట్టడానికి పిలిచినంత మెల్లగా.

డాక్టరు వచ్చాడు, వెళ్లాడు. ఇరుగుపొరుగు వచ్చి, నలుగురూ పట్టి ఆయన్ను ముందుగదిలోకి మార్చారు. వదిన పక్కన కూర్చున్న ఆమె, పొద్దువాలుతుండగా రేకుల గది తలుపు వేయడానికి లేచి వెళ్లింది. కుర్చీ పక్కన బోర్లించిన పెట్టె మీద కాగితం పరిచి ఉంది. ఒక వారన కమలా తొక్క, వేళ్లకు పట్టు కుదరక గిల్లి గిల్లి తీసినట్టు, ముక్కలు ముక్కలుగా ఉంది. తొనలు మాత్రం ఒక్కటీ చిట్లలేదు. పీచంతా తీసి, రెండు వాటాలు వేసి ఉన్నాయి. ఆయన కుర్చీవైపు వాటాలో ఒక తొన తగ్గింది.