మంచులో ఎలా పడాలి

"దాని తల నిండా పేలు. రోజూ కూర్చోబెట్టి దువ్వేది నేను, మీరు కాదు," అంది మనోజ.

"దువ్వు. మందు రాయి. కత్తిరించడం మాత్రం వద్దు," అన్నాడు త్రినాథరావు. కాఫీ దగ్గర మొదలైన ఈ వాదన ఇడ్లీల దాకా వచ్చింది. "ఇటలీ నుంచి తిరిగొచ్చాక నీ ఇష్టం. కావాలంటే గుండే కొట్టించు."

"పేలకి కూడా వీసా తీయించారా?"

అత్తగారు కౌసల్య నవ్వు కనపడకుండా చట్నీ గిన్నె మీదికి వంగింది. తొమ్మిదేళ్ల మహతి తల గోక్కుంటూ తల్లినీ తండ్రినీ మార్చి మార్చి చూసింది.

"అక్కడ చలి మనోజా. జుట్టుంటే చెవులకి వెచ్చగా ఉంటుంది," అన్నాడు త్రినాథరావు.

మనోజ డబ్బింగ్ ఆర్టిస్టు. సీరియళ్లలో పిల్లలకి గొంతు ఇస్తుంది. పెదవులొకటి చెబుతూ గొంతొకటి చెబితే ఆమెకి ఇట్టే తెలుస్తుంది. చెవుల మాట ఆమెకి అలాగే వినపడింది.

నిజానికి ఈ ప్రయాణమే ఆమెకి మింగుడు పడలేదు. త్రినాథరావు పదిహేనేళ్లుగా కో-డైరెక్టర్. రెండేళ్ల కిందట ఒక పాట షూటింగుకి ఇటలీ కొండల్లోని ఆ ఊరికి వెళ్ళొచ్చాడు. ఊళ్ళోకి కార్లు రావట. చెక్క ఇళ్ళు, కిటికీల్లో పూల కుండీలు, అన్నీ కుటుంబాలే. పిల్లలకి మంచు మీద జారడం నేర్పే బడి ఉందట. వాళ్ళ కోసమే మెత్తని వాలు ఒకటి, దాని పక్కన నేల మీద కదిలే పట్టా. దాని మీద నిలబడితే చాలు, మెల్లగా పైకి తీసుకెళ్తుంది. ఈ కబుర్లన్నీ విని అప్పట్లో మనోజ, "మనమూ ఒకసారి వెళ్దామండీ" అంది. "ఆ చలికి నువ్వు రెండు రోజుల్లో మంచం పడతావ్" అని కొట్టిపారేశాడు.

అలాంటివాడు పోయిన నెల ఇంటికొచ్చి, జనవరిలో అందరం అక్కడికి వెళ్తున్నామన్నాడు. వాళ్ళ సినిమా షెడ్యూలు కూడా ఆ చుట్టుపక్కలే ఉందట. "నేను పనిలో ఉంటాను, మీరు తిరగండి. విడిగా వెళ్ళాలంటే మనవల్ల అవుతుందా?" అన్నాడు. అత్తగారు మంకీ క్యాప్ కోసం బీరువా వెతకడం మొదలెట్టింది. మనోజకి మాత్రం నమ్మకం కుదరలేదు. జూబ్లీహిల్స్‌లో ఏ నిర్మాత కో-డైరెక్టర్ పెళ్ళాం పిల్లల్ని మంచు చూపించడానికి తీసుకెళ్తాడు? ఫిలింనగర్‌లో ఇన్నేళ్లుగా కాపురం ఉంటూ ఆమె అలాంటిది వినలేదు.

ఆ మధ్యాహ్నం పార్శిల్ వచ్చింది. చలికోట్లు. త్రినాథరావుకి నల్లది, మనోజకి నీలం, అత్తగారికి గోధుమరంగు. మహతికి ఎర్రది. దాని కిందే అచ్చం అలాంటిదే ఇంకో ఎర్రది.

కౌసల్య రెండూ పక్కపక్కన పట్టుకుని చూసింది. "కవలల్ని కన్నావుటే, నాకు చెప్పకుండా?"

మనోజ నవ్వలేదు. భర్తకి ఫోన్ చేసింది.

"పిల్ల కదా, ఒకటి తడిస్తే ఇంకోటి ఉంటుందని," అన్నాడు.

"మనం తడవమా? మనకి ఒక్కొక్కటేగా తెప్పించారు."

"ఏదో ఆఫర్ ఉంటే... షాట్ రెడీ అయింది, మళ్ళీ చేస్తాను."

ఫోన్ పెట్టేసి కోట్లు మంచం మీద పరిచి చూసింది. గుండీలు, జేబులు, కుట్టు, ఆఖరికి టోపీ అంచు కూడా ఒక్కటే. మామూలు తల్లిదండ్రులు రెండోది కొంటే వేరే రంగు కొంటారు. ఒకే బట్ట రెండు కొనేది సినిమావాళ్లే. తడిసినప్పుడు, చిరిగినప్పుడు షూటింగ్ ఆగకూడదు కదా.

ఆ సంగతి మనోజకి ఎవరూ చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు తనకీ రెండేసి గౌన్లు ఉండేవి. వాళ్ళమ్మ కృష్ణానగర్‌లో ఒంటిగదిలో ఉంటూ ఆమెని సెట్ల చుట్టూ తిప్పింది. ఒక వాన పాటలో మెట్ల మీద జారి పడాలి. పడింది. "బంగారం, ఒక్కటి, ఇంకొక్కటే" అన్నారు. తడి గౌను విప్పి పొడిది తొడిగేవాళ్ళు. మళ్ళీ పడేది. విప్పింది ఆరేలోపు తొడిగింది తడిసేది. ఎడమ మోకాలి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. ఏడో తరగతి చదువు మధ్యలోనే ఆగిపోయింది.

అందుకే పెళ్ళిచూపుల్లో ఆమె అడిగింది ఒక్కటే. పుట్టబోయే పిల్లలు కెమెరా ముందు నిలబడకూడదు. త్రినాథరావు తన తల్లి ఎదుటే సరేనన్నాడు.

సాయంత్రం మహతి స్కూలు నుంచి రాగానే కోటు తొడుక్కుంది. గదిలో ధబ్బున చప్పుడైతే మనోజ గుమ్మంలోంచి తొంగి చూసింది. పిల్ల పరుపు మీద పడుతోంది. లేచి, వెనక్కి నడిచి, పరిగెత్తుకొచ్చి మళ్ళీ పడింది. ప్రతిసారీ కుడి భుజమే ముందు ఆనుతోంది. పడ్డాక జుట్టు మొహం మీద నుంచి ఒక చేత్తో తోసుకుని, బీరువా పైఅంచు వైపు చూసి నవ్వుతోంది. ఆడుకునే పిల్లలు ఒకసారి పడ్డట్టు ఇంకోసారి పడరు.

"ఆ బీరువా మీద ఎవరున్నారే?" అంది మనోజ.

"కెమె..." అని మహతి నాలిక్కరుచుకుంది.

మనోజ మంచం మీద కూర్చుంది. పిల్ల కాసేపు కోటు గుండీ తిప్పుతూ నిలబడింది.

"నీకు సర్‌ప్రైజ్ అమ్మా. డైరెక్టర్ అంకుల్ ఫోటోలు తీసి ఓకే అన్నారు. నేను హీరో గారి కూతుర్ని. మంచులో పడతాను. నాన్న చెప్పొద్దన్నారు."

"నీకు ఇష్టమేనా?"

"పడటం ఇష్టమే." గుండీ వదిలేసి, "ఆ కదిలే పట్టా ఉందిగా, అది ఇంకా ఇష్టం. నాన్న వీడియోలో చూపించారు. పిల్లలందరూ దాని మీద వెళ్తుంటే... టైముంటే ఎక్కిస్తానన్నారు," అంది.

"టైముంటే?"

"షూటింగ్ అయ్యాక, వెలుగుంటే."

మనోజ లేచి కత్తెర తెచ్చింది. హాల్లో పేపర్లు పరిచి, కూతుర్ని పీట మీద కూర్చోబెట్టింది. మహతి అద్దం అడిగింది, ఏడవలేదు. తల తేలిగ్గా ఉందంది.

కౌసల్య వంటింటి గుమ్మానికి ఆనుకుని చూస్తూ నిలబడింది. "వాడు అరుస్తాడే."

"అరవనివ్వండి."

"నా ముందే మాటిచ్చాడు కదూ," అంది అత్తగారు. మనోజ అవునంది. పెద్దావిడ చీపురు తెచ్చి వెంట్రుకలు తనే ఊడ్చింది.

త్రినాథరావు భోజనాల వేళకి వచ్చాడు. చెవుల దాకా కత్తిరించిన కూతురి తల చూసి చెప్పులు విప్పడం మరిచిపోయాడు.

"లుక్ ఓకే అయిపోయింది మనోజా..." అని ఆగిపోయాడు.

అతను చేతులు కడుక్కొచ్చి కూర్చున్నాడు. "ఒక్క సీను. ఆ వేషం ఒప్పుకున్న బొంబాయి పాప మానేసింది. సినిమా ప్రారంభం పూజ రోజు దీన్ని చూసి డైరెక్టరే అడిగాడు. ఇది గట్టెక్కితే నా కథ వింటానన్నాడు నిర్మాత. ఎన్నాళ్ళని నేను క్లాప్‌ల వెనకాల నిలబడను?"

"నన్ను అడగాల్సింది."

"అడిగితే వద్దనేదానివి."

"అవును," అంది మనోజ.

కౌసల్య కొడుకు కంచంలో అన్నం పెట్టింది. పప్పు వెయ్యలేదు. గరిటె గిన్నెలోనే ఉంచి కోడలి వైపు చూసింది.

మనోజ గొంతు పెంచలేదు. మైకు ముందు కూర్చున్నప్పటి గొంతుతోనే చెప్పింది. "జనవరిలో మీరు యూనిట్‌తో వెళ్ళిరండి. ఇంకో పాపని చూసుకోమని రేపే చెప్పండి, టైముంది. మహతి పరీక్షలయ్యాక, మార్చి చివర్లో నా డబ్బింగ్ డబ్బుతో మేం ముగ్గురం ఆ ఊరికి వెళ్తున్నాం. అప్పటికీ పైన మంచుంటుందట, కనుక్కున్నాను. మీరూ వస్తే నలుగురం. అది ఆ పట్టా ఎక్కుతుంది, దాని ఇష్టం వచ్చినట్టు పడుతుంది. రెండో కోటు తిరిగి పంపేస్తున్నాను."

త్రినాథరావు ఏదో అనబోయాడు.

"దాని పాస్‌పోర్టు మీ బ్యాగులోంచి తీసి నా దగ్గర పెట్టుకున్నాను," అంది మనోజ. పప్పు గిన్నె అతని వైపు జరిపింది.