ఉప్పు కలపని డబ్బా

“ఇంకా ఈ డబ్బాలేనా వదినా? అమ్మని మింగింది చాలలేదా?”

ఆడపడుచు ఆ మాట నవ్వుతున్నట్టే అంది. తువ్వాలుతో తడి జుట్టు ఒత్తుకుంటూ వంటింటి గుమ్మంలో నిలబడింది. అమ్మ గదిలో బట్టలూ వస్తువులూ సర్దడానికని ఆ మధ్యాహ్నమే రైలు దిగింది. డబ్బా అంచు మీద ఓపెనర్ తిప్పుతున్న వదిన చెయ్యి కాస్త ఆగి మళ్ళీ కదిలింది. రేకు తెగి ఎర్రటి టమాటా సాస్ పైకి ఉబికింది. అందులో క్యారెట్, క్యాప్సికం, ఉల్లిపాయ ముక్కలు మెత్తగా మెరుస్తున్నాయి. అత్తగారు పోయాక, ఇంట్లో మిగిలిపోయిన డబ్బా ఆమె తెరవడం ఇదే మొదలు. ఆమె పాఠాలు చెప్పే బళ్ళో పరీక్షలు, రావడమే ఆలస్యమైంది. ఇంటికొచ్చి ఇంకా బట్టలైనా మార్చుకోలేదు.

“ఇది ఉప్పు కలపని రకం.”

“ఏ రకమైతేనేం, డబ్బా డబ్బానే. మా ఇంట్లో ఇలాంటివి గడప తొక్కవు.”

వాళ్ళింట్లో వంటమనిషి ఉంది. ఆ సంగతి ఆమె గుర్తు చేయలేదు.

ఈ ఇంట్లో వండే మనిషి ఒక్కతే కానీ, ఉప్పు వేసేవాళ్ళు మాత్రం అందరూ. కాపురానికొచ్చిన కొత్తలోనే ఆమె ఆ పద్ధతి చూసి నివ్వెరపోయింది. పొయ్యి పక్కనుంచి ఎవరు వెళ్ళినా గిన్నె మూత తీసి, గరిటెతో కాస్త అరచేతిలో వేసుకుని నాకి, “చప్పగా ఉంది” అని ఒక చిటికెడు విదిల్చి పోయేవాళ్ళు. మంచినీళ్ళకి వచ్చిన భర్తా అంతే, ఫోన్ మాట్లాడుతూ వచ్చిన ఆడపడుచూ అంతే. అందరికంటే ముందు అత్తగారు. “నీ వంటలో అన్నీ ఉంటాయే అమ్మాయ్, ఉప్పొక్కటే సెలవు పెడుతుంది” అని నలుగురిలో నవ్వించేవారు. ఆమె కూడా నవ్వేది. ఎవరెంత వేస్తారో తెలియక రానురాను తాను వేయడమే మానేసింది. బళ్ళో నలభైమంది పిల్లలకి ఆహారమూ పోషకాలూ పాఠం చెప్పే మనిషి, ఇంట్లో తన గిన్నె మీద మూత నిలుపుకోలేకపోయింది.

అత్తగారి గుండె బలహీనపడి, కాళ్ళకి నీరు పట్టి, ఉప్పు బాగా తగ్గించాలని డాక్టరు చెప్పినప్పుడు మాత్రం ఆమె భయపడింది. అప్పటిదాకా తొందర పనికి వాడుతున్న డబ్బా తిప్పి, వెనక సన్నటి అక్షరాలు చదివింది. ఒక్క కప్పు సాస్‌లోనే ఆవిడ పూటంతా తినదగినంత ఉప్పుంది. ఉప్పు కలపని డబ్బాలు దొరికే కొట్టు ఇంటికి రెండు స్టాపులు అవతల. బడి నుంచి వస్తూ అక్కడ దిగి, కొని, మళ్ళీ బస్సు కోసం నిలబడేది. టమాటాని ఉడికించి, కాస్త నూనె జోడిస్తే ఆ ఎరుపులోని మేలు ఒంటికి బాగా పడుతుందని పిల్లలకి చెప్పిన పాఠమే ఇంట్లో పనికొచ్చింది. ఒకరోజు సాస్‌లో వెల్లుల్లి, మిరియాలు వేసి ఉడికించిన బంగాళాదుంపల మీద పోసేది. ఒకరోజు పప్పుగింజలతో కలిపేది. ఒకరోజు నీళ్ళు పోసి పల్చటి సూప్. నిమ్మరసం పిండితే ఉప్పు లేని లోటు కొంత తెలియదు. ఆవిడకి వేరే చిన్న గిన్నె పెట్టి, దాని మూత ఎవరూ తీయకుండా పొయ్యి దగ్గర కాపలా ఉన్నట్టు నిలబడేది.

ఆ గిన్నె గదిలోకి తీసుకువెళ్ళి తినిపించేది ఆయన. ఆఫీసు నుంచి రాగానే, “అమ్మకి నేను పెడతాను” అని చెయ్యి చాపేవాడు. చూడవచ్చిన బంధువులంతా కొడుకంటే ఇలా ఉండాలనేవారు. వంటింటికీ ఆ గదికీ మధ్య ఒక భోజనాల బల్ల ఉందంతే. ఆ బల్ల దాటిన ఆ నాలుగడుగులకి వచ్చిన పేరు, బడికి ముందూ వెనకా పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్ళకి రాలేదు.

అత్తగారు ఆమెతో మంచిగా ఉన్నారని కాదు. “మీ వదిన నాకు ఆసుపత్రి కూడు పెడుతోందే” అని కూతురికి ఫోన్లో చెప్పేవారు. కానీ ఒకరోజు కాళ్ళకి నూనె రాస్తుంటే, కళ్ళు మూసుకునే అన్నారు: “కూతురు ఫోన్లో ఉంది. నువ్వు కాళ్ళ దగ్గరున్నావు. ఎవరెక్కడున్నారో నాకు తెలియదనుకోకు.” ఆ కాళ్ళు మాత్రం తగ్గలేదు. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. ఇంత జాగ్రత్తగా వండుతుంటే నీరెందుకు తగ్గదో ఆమెకి అర్థం కాలేదు. ఒకనాడు ఆయాసంతో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆవిడ తిరిగి రాలేదు.

పరామర్శకి వచ్చిన వాళ్ళ ముందు, “ఏం తినేది మా అమ్మ? డబ్బాలు!” అని ఆడపడుచు ఏడ్చింది. అంతా ఆమెవైపు చూశారు. ఆయన తలవంచుకుని కూర్చున్నాడు. దుఃఖమనుకుంది ఆమె. ఆ రోజు నుంచి ఆమె కంట నీరు రాలేదు. తానే చంపానేమో అనుకునే మనిషికి ఏడవడానికి కూడా హక్కు లేనట్టుండేది. కొట్టుకి వెళ్ళి, అదే రకం డబ్బా చేతిలోకి తీసుకుని, తప్పు చదివానేమోనని వెనకవైపు మళ్ళీ చదివి, అక్కడే పెట్టి వచ్చేసింది. ఒకసారి కాదు, వెళ్ళినప్పుడల్లా.

ఇప్పుడు సాస్ చిక్కబడింది. ఉడికిన దుంపల మీద పోసి, ఆడపడుచుకని ముందుగా ఒక గిన్నెలో తీసింది. ఆడపడుచు అమ్మ గదిలో బీరువా ముందు కూర్చుని ఉంది.

“నేనిస్తాలే దానికి,” అని ఆయన గిన్నె అందుకున్నాడు.

చెంచా మరిచిపోయాడని ఆమె వెనకాలే వచ్చింది. ఆయన భోజనాల బల్ల దగ్గర ఆగాడు. చూపు గది వైపే ఉంది. కుడిచెయ్యి మాత్రం తనంతట తానే బల్ల మీది ఉప్పు సీసా వైపు పోయి, మూత తీసి, చిటికెడు తీసి గిన్నెలో వేసి, వేలితో కలిపింది. రుచైనా చూడలేదు. ఎన్నోసార్లు ఆ దారిలో నడిచిన చెయ్యి అది.

తిరిగి చూసి ఆయన కొయ్యబారిపోయాడు.

“అలవాటు,” అన్నాడు.

“ఎప్పటి అలవాటు?”

ఆయన గదివైపు చూసి గొంతు తగ్గించాడు. “అమ్మ తినేది కాదు. ముద్ద నోట్లో పెట్టుకుని, మింగకుండా నా మొహం చూసేది. చిటికెడే కదా అనుకున్నాను.”

“రోజూనా?”

“చిటికెడే.”

“అందరూ నన్నంటుంటే ఎందుకు ఊరుకున్నారు?”

“ఏం చెప్పను? నేనే అమ్మని...” ఆయన ఉప్పు సీసా మూత పెట్టాడు. “నువ్వు మాటపడటం కొత్త కాదుగా. తట్టుకుంటావనుకున్నాను.”

ఆయన్ని చూస్తే జాలేసింది. ఆ జాలి ఎక్కడికి తీసుకెళుతుందో ఆమెకి తెలుసు. ఎప్పటిలాగే మళ్ళీ వంటింట్లోకి తీసుకెళుతుంది.

“అన్నయ్యా, ఆ డబ్బా కూర ఇక్కడిదాకా వస్తుందా? లేక నన్నూ అమ్మ దగ్గరికి పంపే ఏర్పాటా?” గదిలోంచి ఆడపడుచు గొంతు.

ఆమె గదిలోకి వెళ్ళింది. అత్తగారి శాలువా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆడపడుచు తలెత్తింది.

“అమ్మాయ్, ఒక్కమాట విను. మీ అమ్మ గుండె ముందే అలిసిపోయింది. అది తగ్గేది కాదని డాక్టరు నీతోనూ చెప్పాడు. ఉప్పే చంపిందని నేననను, డబ్బా చంపిందని నువ్వూ అనకు. కానీ ఒక్కటి గుర్తుంచుకో. గిన్నె నా చేతిలో ఉన్నంతసేపూ అందులో ఉప్పు లేదు.”

ఆడపడుచు నోరు తెరిచింది. వదిన వెనక, గుమ్మంలో, గిన్నె పట్టుకుని నిలబడ్డ అన్నయ్య మొహం కనిపించింది. అడగబోయిన మాట ఆగిపోయింది.

“అన్నయ్యా?” అంది చిన్నపిల్లలా.

వాళ్ళిద్దరి మధ్యా నిలబడి సర్దిచెప్పడం ఆమెకి అలవాటున్న పనే. ఆ పని చేయలేదు. ఆడపడుచు ఒళ్ళోంచి శాలువా మెల్లగా తీసుకుంది. పెరటి మెట్ల మీదికి వెళ్ళి, దాన్ని మొహానికి అదుముకుని కూర్చుంది. అందులో ఇంకా కాళ్ళకి రాసిన నూనె వాసన ఉంది. లోపల ఆయన చెల్లెలికి ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. ఆ మాటల వైపు చెవి పెట్టకుండా, ఆమె తన అత్తగారి కోసం బిగ్గరగా ఏడ్చింది.