ముప్పై చూపిన ముల్లు

నేను ఒక స్ప్రింగు కాటాను. జానెడున్నర పొడవు. పైన పట్టుకోవడానికి ఉంగరం, కింద బరువు తగిలించడానికి కొక్కెం, మధ్యలో ఇత్తడి పలక మీద సున్నా నుంచి యాభై దాకా అంకెలు. వాటి పక్కన పైకీ కిందికీ జారే ఎర్రటి ముల్లే నా నాలుక. నాకు తెలిసిన మాట ఒక్కటే, ఇది ఇంత. ఆ ఒక్క మాట కోసం మనుషులు నోళ్ళు మూసుకుని నా వంక చూస్తారు. పురాణం చెప్పే పంతులుగారికి కూడా అంత నిశ్శబ్దం దొరకదు.

నన్ను గుజరాతులో ఒక రేకుల షెడ్డులో తయారుచేశారు. నా కడుపులో తీగ పద్దెనిమిది చుట్లు. ముసలి మేస్త్రీ ఒకడు ఇరవై కిలోల ఇనపగుండు తగిలించి, ముల్లు ఇరవై మీద నిలవగానే తలూపి నన్ను పెట్టెలో పెట్టాడు. నా బతుకులో లాభనష్టాలు చూసుకుంటే, నిజం చెప్పిన రోజులు ఆ పెట్టె తెరిచిన వారం దాకానే.

తెరిచినవాడు సాలూరులో చింతపండు వ్యాపారి. కొండల కింద వారపు సంతల్లో సరుకు కొనేవాడు. కొన్న వారానికే నన్ను విప్పి, తీగలో మూడు చుట్లు కదలకుండా బిగించేశాడు. మిగిలిన పదిహేను చుట్లే సాగుతాయి. పన్నెండు కిలోలు తగిలిస్తే పది అంటాను. కొనేటప్పుడు నేను, అమ్మేటప్పుడు వేరే కాటా. కొండమీద నుంచి మూడు గంటలు మోసుకొచ్చిన గంప బరువు కొండవాళ్ళ మెడలకు తెలుసు. అయినా నా ముల్లు చూసి వాళ్ళు తమ మెడల్నే తప్పుపట్టుకునేవారు.

పోయేముందు ఆ పెద్దమనిషి కొడుకుని దగ్గరికి పిలిచి రహస్యం చెప్పాడు. చివర్న, "ఈ కాటా మాత్రం ఎవులికీ ఎరువియ్యకు నాయనా" అన్నాడు. ఆ కొడుకు పేరు గౌరీశ్వరరావు. తండ్రి మాట జవదాటలేదు. ఇరవై రెండేళ్ళు నాతోనే కొన్నాడు. పెళ్ళాం నీలవేణికి కూడా చెప్పలేదు. ఆవిడ అతని మేనమామ కూతురు. చిన్నప్పటి అలవాటు కొద్దీ మొగుణ్ణి "బావా" అనే పిలుస్తుంది.

చింతపండుతో పాటు గౌరీశ్వరరావు సిమెంటు డీలర్‌షిప్పు కూడా తీసుకున్నాడు. ఒక ఏడాది అనుకున్నదానికన్నా ఎక్కువ బస్తాలు అమ్మేసరికి, కంపెనీ వాళ్ళు డీలర్లని భార్యలతో సహా ఆఫ్రికా టూరుకు తీసుకెళ్ళారు. ప్రయాణానికి సామాను తూచడానికి నన్ను దింపి, వెంట కూడా తెచ్చుకున్నారు. విమానాశ్రయంలో నేను ఇరవై మూడన్న పెట్టె అక్కడి మిషను మీద ఇరవై ఏడు దాటింది.

"మీ మిషనే తప్పమ్మా" అన్నాడు గౌరీశ్వరరావు కౌంటర్లో అమ్మాయితో, తడుముకోకుండా. అబద్ధాన్ని అంతకాలం వాడితే అది సొంత సామానులా చేతికి అలవాటవుతుంది.

నీలవేణి వంత పాడింది. "అవును మరి. మాది మా మామయ్య కాటా. ఎప్పుడూ తప్పు సెప్పలేదు."

నేను సిగ్గుపడ్డానని చెప్పను. ఇనుముకు సిగ్గేమిటి? కానీ ఆవిడ ఆ మాట అన్న తీరు మాత్రం నాకు గుర్తుండిపోయింది.

మూడో రోజు బోట్స్వానాలో ఒక నది దగ్గరికి చేరాం. ఆ నది సముద్రం దాకా పోదు. వేల పాయలుగా విడిపోయి, రెల్లులో, ఇసుకలో ఇంకిపోతుంది. దాని మధ్య ఒక దీవిలో రాత్రి బస. వెళ్ళడానికి సన్నటి దోనెలు. ఒక్కో దోనెలో ఇద్దరు మనుషులు, వెనక నిలబడి గెడ వేసేవాళ్ళొకరు, ముప్పై కిలోల సామాను. అంతకు మించి గ్రాము కూడా వద్దన్నారు.

మా దోనె మనిషి సేగో అనే ఆవిడ. యాభై దాటి ఉంటాయి. ముప్పై ఏళ్ళుగా ఆ పాయల్లో గెడ వేస్తోందట. మాటలు తక్కువ, అవీ ఇంగ్లీషులో. గౌరీశ్వరరావుది బజారు ఇంగ్లీషు, నీలవేణిది అందులో సగం. అయినా ముగ్గురికీ ఒకరి మాట ఒకరికి అందింది.

సేగో సంచులు రెండూ ఎత్తి చూసి పెదవి విరిచింది. "ఇవి ముప్పై కాదు."

గౌరీశ్వరరావు నన్ను తీశాడు. రెండు సంచులూ కలిపి కొక్కేనికి తగిలించాడు. ముల్లు సరిగ్గా ముప్పై మీద నిలబడింది. నిలబడదా మరి! పొద్దున లాడ్జిలో నేను ముప్పై అనేదాకానే అతను సర్దాడు. అసలు బరువు ముప్పై ఆరని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. ఒక సంచినిండా బియ్యం, కరెంటు కుక్కరు, ఆవకాయ జాడీ, జంతికలు. దీవిలో కరెంటు ఉందా లేదా అన్నది ఎవరూ అడగలేదు. ఆరు కిలోలు కలిసొచ్చాయని లోపల్లోపల సంతోషించాడు. నీళ్ళు కూడా సంతలో గంప దింపినవాళ్ళలాగే నా ముల్లును నమ్ముతాయనుకున్నాడు.

సేగో ముల్లు వంక చూసింది, తన చెయ్యి వంక చూసుకుంది. సంచులు దోనెలో పెట్టింది. నేను చిన్నప్పటి నుంచీ సంతల్లో చూస్తున్న మౌనమే అది.

దోనె కదిలింది. అంచు నీటికి బెత్తెడు పైన ఉండాలి. మాది రెండు వేళ్ళు పైన ఉంది. నేను గౌరీశ్వరరావు ఒళ్ళో ఉన్నాను కనుక నీళ్ళు ఎంత దగ్గరో నాకు కనిపిస్తూనే ఉంది.

మొదటి గంట బాగానే గడిచింది. ఏనుగుల మంద ఒకటి మాకు ముందు పాయ దాటింది. పిల్ల ఏనుగు మునిగిపోకుండా తల్లి తొండంతో తోసింది. నీటి మీద అడుగులేస్తున్నట్టు జింకలు గెంతుకుంటూ పోయాయి. ఇసుక తిన్నె మీద కట్టెలా పడున్న మొసలి, మేం దగ్గరికొచ్చేసరికి చప్పుడు లేకుండా నీళ్ళలోకి జారింది. అది ఎటు పోయిందో తెలియక నీలవేణి చీర కుచ్చిళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఆవిడకు ఈత రాదు.

ముందు దోనెలోంచి శ్రీకాకుళం డీలరు తవిటయ్య వెనక్కి తిరిగి అరిచాడు. "ఏటి గౌరన్నా, ఎనకబడిపోనారు! మీ దోనెకి కూడా సిమెంటు ఎత్తినారేటి?"

నవ్వులు వినిపించాయి. తర్వాత మలుపులో ఆ దోనెలు కనిపించకుండా పోయాయి. బరువు దోనె కదా, మేం వెనకబడ్డాం.

పాయ సన్నబడింది. ఇరువైపులా మనిషెత్తు జమ్ము. పక్షుల అరుపులు ఒక్కసారిగా ఆగిపోయాయి. సేగో గెడ నీళ్ళలోనే ఆపింది. ఇరవై గజాల ముందు నీళ్ళు ఉబ్బి, రెండు చెవులూ, రెండు కళ్ళూ, కడవంత ముక్కూ పైకి తేలాయి. బుస్సుమని నీళ్ళు చిమ్మింది.

"హిప్పో" అంది సేగో, మెల్లగా. "ఒంటరి మగది. కదలకండి."

నీటిగుర్రం మా వంక చూసింది. నోరు తెరిచింది. ఆ నోట్లో కోరలు ఒక్కోటి నా పొడవు ఉన్నాయి. తర్వాత నీళ్ళలో మునిగిపోయింది. మునగడమే భయం. పైన ఉన్నప్పుడు ఎక్కడుందో తెలుస్తుంది. ఇప్పుడు నీటి మీద ఒక గీత మా వైపు రావడం మాత్రమే కనిపిస్తోంది.

సేగో దోనెను పక్కకు తోసింది. జమ్ములో ఒక సందు ఉంది. దాని వెనక నీళ్ళు మోకాలిలోతు, ఆ పైన దీవి గట్టు. కానీ సందులో నీటి కింద ఇసుక మేట వేసుంది. మేట మీద జానెడు నీళ్ళే.

"ముప్పై కిలోలైతే మేట దాటుతాం" అంది సేగో, వేగంగా. "ఎక్కువైతే మధ్యలో ఇరుక్కుంటాం. ఇరుక్కున్న దోనెను అది రెండు ముక్కలు చేస్తుంది. నా కళ్ళతో చూశాను. చెప్పండి, ఎంత?"

గౌరీశ్వరరావు వేళ్ళు నన్ను ఎంత గట్టిగా బిగించాయంటే నా ఇత్తడి పలక వేడెక్కింది. ఆ రెండు క్షణాల్లో అతను ఏ లెక్క వేశాడో నాకు తెలుసు. ముప్పై అంటే ప్రాణానికి ప్రమాదం. ముప్పై ఆరంటే ఇరవై రెండేళ్ళు ఒక్కసారే బయటపడతాయి, అదీ పెళ్ళాం ముందు. అంత ప్రమాదంలోనూ మనిషి అందులో ఏది ఎక్కువ నష్టమా అని తూచుకుంటాడు. నేను కాటానే కానీ, అంత లోభిని కాను.

అతను మాట్లాడకపోయేసరికి నీలవేణే తొందరపెట్టింది. "థర్టీ అమ్మా, థర్టీయే! మా మామయ్య కాటా, తప్పు సెప్పదు. పోనీ, వేగంగా పోనీ!"

సేగో ఒంటి బరువంతా గెడ మీద వేసింది. దోనె ముక్కు మేట వైపు తిరిగింది.

"ఆగు!" అని అరిచాడు గౌరీశ్వరరావు. "థర్టీ కాదు. థర్టీ సిక్స్! థర్టీ సిక్స్!"

సేగో అతన్ని తిట్టలేదు, తిట్టడానికి సమయం లేదు. "సంచి! పెద్దది! అవతలికి!"

అతను బియ్యం సంచిని రెండు చేతులతో ఎత్తి నీళ్ళలోకి విసిరాడు. దోనె ఊగి, అంచు మీద నుంచి నీళ్ళు లోపలికొచ్చాయి. నీలవేణి కేకపెట్టి, దోసిళ్ళతో నీళ్ళు బయటికి పొయ్యసాగింది. సంచి ఒక్క క్షణం తేలింది. దాని కిందే నీళ్ళు పేలినట్టయి నీటిగుర్రం పైకొచ్చింది. సంచిని నోట కరిచి నలిపింది. కుక్కరు పగిలిన చప్పుడు, తెల్లగా బియ్యం, ఎర్రగా ఆవకాయ నూనె. అది తల విదిలించుకుంటూ వెనక్కి తిరిగేలోపు మా దోనె కడుపు ఇసుకను గీసుకుంటూ మేట మీదికెక్కింది. ఆగింది. సేగో పళ్ళు బిగించి ఇంకోసారి తోసింది. అటువైపు జారింది.

గట్టు ఎక్కేసరికి, ముందే దీవి చేరిన డీలర్లు కేకలు విని పరిగెత్తుకొచ్చి సంగతి తెలుసుకున్నారు. అందరికన్నా ముందు తవిటయ్యకే నోరొచ్చింది. "ఏటి గౌరన్నా, హిప్పోకి ఆవకాయన్నం పెట్టినారట? కారం సాలిందా దానికి?"

నీలవేణి నవ్వలేదు. తడిసిన చీరతో మొగుడి ఎదురుగా నిలబడింది.

"థర్టీ సిక్స్ అని నీకెలా తెలిసింది బావా?"

"అందాజుగా అన్నాను."

"కాటా థర్టీ అన్నాది కదా. నాను నమ్మినాను కదా."

అతను నేల చూశాడు. సేగో ఈ భాష రాకపోయినా సంగతి పట్టేసింది. బస దగ్గర్నుంచి ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బా నిండుగా తెచ్చి, నన్ను ఒక కొమ్మకు వేలాడదీసి, నా కొక్కేనికి తగిలించింది. ఇరవై లీటర్లు ఇరవై కిలోలని అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు. నా ముల్లు పదహారున్నర దాటి ఆగిపోయింది. డీలర్లంతా నా వంకే చూశారు. కొందరు చప్పున చూపు తిప్పుకున్నారు. వాళ్ళ దుకాణాల్లోనూ కాటాలున్నాయి మరి.

నీలవేణి నా ముల్లు నుంచి మొగుడి వైపు తిరిగింది. "మా నాన్న ఏటేటా మన కొట్టుకే ఏసేవోడు సింతపండు. మేనల్లుడి కొట్టని ఇంకోకాడికి ఎల్లేవోడు కాడు. దీంతోనే తూసినావేటి?"

గౌరీశ్వరరావు తడిసిన చొక్కా అంచు పిండుకోసాగాడు. అదే జవాబని ఆవిడకు అర్థమైంది.

సాయంత్రం గౌరీశ్వరరావు నన్ను కొమ్మ మీంచి తీయబోతే ఆవిడ చెయ్యి అడ్డుపెట్టింది. "ఇక్కడే ఉంచీ."

"మా నాన్న కాటా నీలా."

"అందుకే."

సేగోకు నన్ను వదులుకోవాలని లేదు. ఎప్పుడూ ఒకే లెక్కన అబద్ధమాడేవాడితో వ్యవహారం తేలికని ఆవిడకు తెలుసు. ఐదేసి లీటర్లు పెంచుకుంటూ నాకు నీళ్ళు తగిలించింది. ముల్లు ఆగిన ప్రతిచోటా నా పలక మీద కత్తిమొనతో గీత గీసింది. ఇప్పుడు నా ఒంటి మీద రెండు వరసలున్నాయి. ఫ్యాక్టరీ అచ్చు అందంగానే ఉంటుంది కానీ దాన్నెవరూ చూడరు. వంకరటింకర గీతల్నే చూస్తారు. నేను ఏ దోనెకు సరిపోతుందన్నానో అదే కదులుతుంది. చాలా ఆలస్యంగా నాకు దొరికిన పరువిది.

మర్నాడు పొద్దున మా వాళ్ళు తిరుగు ప్రయాణమయ్యారు. ఒక్క సంచే మిగిలింది కనుక దోనె అంచు బెత్తెడు పైనే నిలిచింది. నీలవేణి ముందు కూర్చుంది, గౌరీశ్వరరావు ఆవిడ వెనక. 

"ఏటి, మాటాడవేటి?" అన్నాడు ఉండబట్టలేక.

"ఉండు. లెక్కేస్తన్నాను."

"ఏటి లెక్క?"

"మా నాన్న గంపలు."

సేగో గెడ వేసింది. దోనె జమ్ములో మలుపు తిరిగేదాకా నాకు కనిపిస్తూనే ఉంది. నీలవేణి బొటనవేలు ఒక్కో వేలి కణుపు మీదికి జరుగుతోంది. ఆ చెయ్యి అయిపోతే ఈ చెయ్యి. అతను ఆ చేతుల వంకే చూస్తూ కూర్చున్నాడు.