అక్రోటు పిడి

చచ్చిన చేపపిల్లల్ని చిన్న వలతో తీసి బకెట్లో వేస్తోంది నెల్డా. తొట్టెలోకి గాలి కొట్టే మోటారు రాత్రి మళ్ళీ మొరాయించింది. ఎర కోసం తెప్పించిన చేపల్లో సగం వెల్లకిలా తేలుతున్నాయి, మిగతా సగం ఏమీ పట్టనట్టు వాటి కిందే తిరుగుతున్నాయి. తొట్టె పని అయ్యాక ఫ్రిజ్ తెరిచి, వానపాముల డబ్బాల్ని ఓ పక్కకి నెట్టి, తన మధ్యాహ్నం తిండి పెట్టుకుంది. మొక్కజొన్న రొట్టె, రాత్రి మిగిలిన చిక్కుడు గింజలు. వానపాముల పక్కన తిండి పెట్టుకోవడం మొదట్లో ఆమెకీ అసహ్యంగానే ఉండేది.

బ్రష్ ఫోర్క్ ఊళ్ళో చేపల ఎరా, తుపాకులూ ఒకే కప్పు కింద అమ్మే షాపు ఇది. నెల్డా కాంబ్స్ ఇక్కడే ముసలిదైంది. పొట్టి మనిషి, మగవాళ్ళకుండేంత లావు మణికట్లు, నెరిసిన జడ, ముక్కు దగ్గర టేపు చుట్టిన కళ్ళద్దాలు. మోకాళ్ళు అరిగిపోయి కౌంటరు పట్టుకుని నడుస్తుంది. ఆమె నవ్వగా చూసినవాళ్ళు ఊళ్ళో ఉన్నారంటారు గానీ వాళ్ళెవరో తేలలేదు. పెళ్ళి చేసుకోలేదు. తల్లిని సాగనంపింది, తమ్ముణ్ణి పెంచింది, ఆ తమ్ముడు ఓ అమ్మాయిని పెళ్ళాడి కొండ దిగి వెళ్ళిపోయాక తుపాకుల పిడులు మార్చడం తప్ప ఇంకేదీ ఆమె మనసుకి నచ్చిన పని కాకుండా పోయింది.

షాపు యజమాని వెండెల్ కాఫీ కప్పుతో వచ్చి, కౌంటరు కింద కాలితో తడిమి, ఓ పెట్టెని తన్నాడు.

"అక్కా, ఈ చెత్త ఇంకా ఇక్కడే ఉందా?"

"నీకేం అడ్డమొచ్చింది?"

"కొత్త పిడులు గోడకి వేలాడుతుంటే జనానికి పాతవి చూపిస్తున్నావు. ఎవరు కొంటారు కొత్తవి? ఇవాళ సాయంత్రానికి అది బయట ఉండాలి. లేకపోతే నేనే పడేస్తా."

"పడెయ్. నన్ను కూడా దాంతోపాటే పడెయ్."

"అది కూడా ఆలోచిస్తున్నా," అని వెండెల్ లోపలి గదిలోకి పోయాడు.

అది గాలాలూ తీగలూ పెట్టుకునే అరల పెట్టె. పిడులు మార్పించుకున్నవాళ్ళు పాతవాటిని మళ్ళీ ఇంటికి మోసుకుపోరు. అక్కరలేనివి అక్కడే వదిలేసి పోవడం ఆ షాపులో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. రబ్బరువి, గట్టి ప్లాస్టిక్‌వి, జింక కొమ్ముతో చేసినవి, గులాబి రంగువి, అన్నీ ఆ అరల్లో ఉన్నాయి. కొత్తగా వచ్చినవాళ్ళ చేతికి అవి ఒక్కొక్కటే బిగించి చూపిస్తుంది నెల్డా.

పదింటికల్లా ఎల్డన్ వచ్చాడు. స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి, ముందు పొట్ట వచ్చి తర్వాత తను వస్తాడు. జేబులో పట్టే బుల్లి రివాల్వర్‌కి పెద్ద రబ్బరు పిడి కావాలన్నాడు. నెల్డా తూటాలు పెట్టే సిలిండర్ తెరిచి, ఖాళీగా ఉందని అతనికి చూపించి, అడిగినది బిగించి ఇచ్చింది.

"ఆహా, పరుపులా ఉంది," అన్నాడు ఎల్డన్.

"ఎక్కడ పెట్టుకుంటావు?"

"నడుముకి, చొక్కా కింద."

"అయితే పెట్టుకో. చొక్కా దించు. అటు తిరుగు." నెల్డా కళ్ళద్దాల మీంచి చూసింది. "దాచుకున్నట్టు లేదు ఎల్డన్. నెలలు నిండినట్టుంది."

అతను మూతి ముడుచుకున్నాడు. నెల్డా లెక్క చేయలేదు. పిడి చేతికి నచ్చితే చాలదు, బట్టకి కూడా నచ్చాలని ఆమె నమ్మకం. పొడుగుదైతే బయటికి పొడుచుకొస్తుంది. మెత్తటి రబ్బరైతే తూటా పేలిన దెబ్బని మింగుతుంది గానీ గుడ్డని పట్టుకుని వదలదు. అందరూ చేసే తప్పు ఒకటే. షాపులో హీటరు వేడికి కోటు విప్పి వంకీకి తగిలిస్తారు, ఉత్త చేత్తో పట్టుకుని హాయిగా ఉందని మురిసిపోతారు, కొనుక్కుపోతారు. తీరా అవసరమొచ్చిన రోజున జేబులోంచి రాదు. అందుకే కోటు తొడిగించి, జేబులోంచి తీయించి చూడందే నెల్డా ఎవర్నీ గడప దాటనివ్వదు. ఎల్డన్ చివరికి చిన్నది పెట్టించుకుని, థాంక్స్ చెప్పకుండా పోయాడు.

మధ్యాహ్నం రొట్టె నోట్లో ఉండగా తలుపు గంట మోగింది. వచ్చింది ట్విలా, తమ్ముడి పెళ్ళాం. నెల్డా నమలడం ఆపేసింది.

ఇద్దరికీ మాటల్లేవు. తమ్ముడు ఆర్లిస్ పోయినప్పటి నుంచి లేవు. గని దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేసి ఆర్లిస్ మంచం మీద చిక్కి చిక్కి పోయాడు. పోయాక ట్విలా అతన్ని దహనం చేయించి, ఆ బూడిదని నదిలో కలిపింది. కొండ మీద కాంబ్స్ వాళ్ళ శ్మశానంలో తల్లి బతికుండగానే పిల్లలిద్దరికీ పేర్లు చెక్కించిన రాళ్ళు పాతించింది. ఆర్లిస్ రాయి కింద ఏమీ లేదు. ఏటా మే నెలలో సమాధులకి పూలు పెట్టే రోజున నెల్డా ఉత్త గడ్డికి పూలు పెట్టి వస్తుంది. బూడిద కలిపిన రోజున అందరి ముందూ నెల్డా ట్విలా మొహం మీదే అడిగింది, పాతిపెట్టుకోవడానికి నాకేమీ మిగల్చలేదేమే అని. ట్విలా బదులు చెప్పలేదు, అది నెల్డాకి ఇంకా మండుతూనే ఉంది.

"ఏం వదినా, బతికే ఉన్నావా?" అంది ట్విలా. కోటు విప్పి వంకీకి తగిలించింది. యాభై ఏళ్ళ మనిషి, ఎండిపోయిన చెంపలు, రంగేసినా కుదుళ్ళ దగ్గర నెరుపు కనిపించే జుట్టు.

"నువ్వొస్తావని తెలిస్తే చచ్చుండేదాన్ని. ఏం కావాలి?"

"వెండెల్‌ని పిలు."

"వెండెల్‌కి మరమేకు ఏ వైపు తిరుగుతుందో కూడా తెలీదు. పనుంటే చెప్పు, లేకపోతే తలుపు అక్కడే ఉంది."

ట్విలా కాసేపు తలుపు వైపు చూసింది. తర్వాత సంచిలోంచి మోటెల్ తువ్వాలు తీసి, కౌంటరు మీది ఆకుపచ్చ గుడ్డ మీద విప్పింది. లోపల ఆర్లిస్ రివాల్వర్.

నెల్డా చూసింది తుపాకీని కాదు, దాని పిడిని. తండ్రి మంచం తలవైపు పలక విరిగితే ఆ అక్రోటు చెక్కతో ఆర్లిస్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని పిడికి అటూ ఇటూ బిగించే ఈ రెండు చెక్కల్నీ చెక్కాడు. నూనె పట్టించింది నెల్డా. ఇన్నేళ్ళ వాడకానికి కుడి చెక్క అతని అరచేతికి నున్నబడింది. ఎడమ చెక్క మీద వేళ్ళ కొసలు ఆనే చోట రంగు పోయి, బొటనవేలు పెట్టే చోట చిన్న గుంట పడింది. ఆమెకి ఆ చెక్కలు కావాలి. తమ్ముడి చేయి తగిలిన వస్తువు ఆమె దగ్గర ఒక్కటి కూడా లేదు, అన్నీ ట్విలా ఇంట్లోనే ఉండిపోయాయి.

"చేయి కోసేస్తోంది," అంది ట్విలా. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం చీరుకుపోయి పొక్కు కట్టింది. "ఇంటి వెనక పేల్చి చూశా. ఒక్కటీ తగల్లేదు, పైగా చేయి ఇలా అయింది. చిటికెన వేలికి చోటే లేదు."

"ఇప్పుడెందుకు నీకిది?"

ట్విలా చెప్పదలుచుకోలేదు, కానీ చెప్పింది. ఆమె పనిచేసే మోటెల్లో ఒకడు ఓ పిల్లని చావగొడుతుంటే షెరీఫ్‌కి ఫోన్ చేసింది. వాడిప్పుడు జైలు నుంచి బయటికొచ్చాడు. పని దిగి వచ్చేసరికి ఆమె కారుకి ఆనుకుని నిలబడి ఉంటున్నాడు. ఏమీ అనడు. నిలబడతాడంతే.

"షెరీఫ్‌కి చెప్పలేకపోయావా?"

"నిలబడటం నేరం కాదన్నాడు."

నెల్డా సిలిండర్ తెరిచి, ఖాళీగా ఉందని చూసి, పిడి మరమేకు విప్పింది. రెండు చెక్కలూ విడివడి ఆమె అరచేతిలోకి వచ్చాయి. వాటిని తన వైపు, ట్విలాకి చెయ్యందని చోట పెట్టింది. పెట్టెలోంచి మెత్తటి రబ్బరు పిడి తీసింది. అది వెనక ఇనుమునంతా కప్పేస్తుంది, చీరుకుపోయిన చేతికి అంతకన్నా సుఖమైనది ఇంకోటి లేదు. బిగించి ఇచ్చింది.

ట్విలా పట్టుకుంది. ఆమె భుజాలు కిందికి దిగాయి. "ఇదే కావాలి," అంది.

ఎక్కడ పెట్టుకుంటావని నెల్డా అడగలేదు. కోటు తొడుక్కోమనలేదు. అడిగితే రబ్బరు పనికిరాదని తేలుతుంది, పాతదే మళ్ళీ బిగించమంటుంది, తువ్వాల్లో చుట్టుకుని పోతుంది. అడగకపోతే చెక్కలు ఇక్కడే ఉండిపోతాయి. అంతే, అంత సుళువు. నెల్డా రెండో చేత్తో చెక్కల్ని మూసి పట్టుకుంది.

ట్విలా వంకీ మీంచి కోటు తీసుకుని తొడుక్కుంది. గోధుమరంగు కాన్వాసు కోటు, భుజాల దగ్గర ఆమెకి రెండింతలు. ఆర్లిస్ గని కోటు అది. రివాల్వర్‌ని కుడి జేబులోకి జారవిడిచింది. ఆ జేబు నెల్డాకి తెలుసు. తాళాల గుత్తికి లోపలి గుడ్డ చిరిగిపోతే, తమ్ముడి పాత కార్డ్‌రాయ్ ప్యాంటు కత్తిరించి తనే కుట్టింది. ఆ గాడి గాడిల ముతక గుడ్డకి రబ్బరు తగిలితే ఏమవుతుందో ఆ దేవుడికన్నా తనకే బాగా తెలుసు.

ట్విలా తలుపు మీద చేయి వేసింది.

"ఆగు," అంది నెల్డా.

"ఏంటి?"

"వాడు నీ కారు దగ్గరున్నాడనుకో. తియ్యి."

ట్విలా విసుక్కుంటూనే జేబులో చేయి పెట్టి లాగింది. రాలేదు. ఇంకా గట్టిగా లాగింది. జేబు లోపలి గుడ్డంతా రివాల్వర్‌ని పట్టుకుని బయటికి వచ్చేసింది, కోటు చంక దాకా పైకి లేచింది. ఆమె అలాగే, గుడ్డ చుట్టుకున్న తుపాకీతో నిలబడిపోయింది. తొట్టెలో నీళ్ళు బుడబుడమంటున్నాయి.

"నీకు ముందే తెలుసు," అంది ట్విలా.

"తెలుసు."

"నన్ను చావమన్నావన్నమాట."

"నీ చావుతో నాకేం పని? ఆ చెక్కలు కావాలనుకున్నా."

"అడగొచ్చుగా."

"నిన్నా? నిన్నడిగి తీసుకునే గతి నాకింకా పట్టలేదు."

ట్విలా వెనక్కొచ్చి రివాల్వర్‌ని గుడ్డ మీద పెట్టింది. నెల్డా మొహం ఎర్రబడింది. సిగ్గేసింది ఆమెకి, ఆ సిగ్గు కూడా ట్విలా మీద కోపంగానే బయటికొచ్చింది.

"నిటారుగా నిలబడు. ఆ కోటు విప్పకు," అని కసిరింది.

పెట్టె అడుగున వెతికి, నున్నటి గట్టి ప్లాస్టిక్ పిడి ఒకటి తీసింది. ఆర్లిస్ చెక్కలకన్నా లావు. ట్రిగ్గరు వెనక వేలి కణుపుకి దెబ్బ తగిలే సందు దీంట్లో పూడుతుంది. బిగించాక ట్విలా చేతిని తన చేత్తో పట్టుకుని, పట్టు పైకి జరిపింది. "చిటికెన వేలు కిందికి ముడుచుకో. దానికి చోటు వెతక్కు. అలా. ఇప్పుడు జేబులో పెట్టు. తియ్యి."

వచ్చింది. మళ్ళీ పెట్టించింది, మళ్ళీ తీయించింది. ట్విలా చేయి అలవాటు పడేదాకా తీయించింది. ఇంత దగ్గరగా ఆ చేతిని ఆమె ఎన్నడూ చూడలేదు. మోటెల్ గదులు కడిగే క్లోరిన్ వాసన, చిట్లిన గోళ్ళు, వేలికి ఇంకా తమ్ముడి ఉంగరం.

"రబ్బరంత సుఖంగా లేదు," అంది ట్విలా.

"ఉండదు. కానీ బయటికొస్తుంది."

ట్విలా చేయి చాపింది. నెల్డా మారు మాట్లాడకుండా అక్రోటు చెక్కల్ని ఆ చేతిలో పెట్టింది. అవి ఆమె సొత్తు, ఎవరి దగ్గరికెళ్ళి చెప్పినా ఆమె సొత్తే. ట్విలా వాటిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"తనని దహనం చెయ్యమన్నది ఆర్లిసే," అంది, చెక్కల్ని చూస్తూనే. "ఆ గనిలో అన్నేళ్ళు మట్టి కిందే ఉన్నా, మళ్ళీ నన్ను మట్టి కింద పెట్టొద్దు అన్నాడు. అక్కకి చెప్పకు, ఏడుస్తుంది అన్నాడు. నేను చెప్పలేదు. నువ్వు నన్నంత మందిలో నిలబెట్టి అడిగినా చెప్పలేదు."

నెల్డా కౌంటరు అంచు పట్టుకుంది.

"నీ మీద జాలితో చెబుతున్నాననుకోకు. ఇంక మోయడం నా వల్ల కాదు, అందుకని చెబుతున్నా." కుడి చెక్కని, అరచేయి ఆనేదాన్ని, జేబులో వేసుకుంది. ఎడమదాన్ని ఆకుపచ్చ గుడ్డ మీద పెట్టింది. "పాతిపెట్టుకోవడానికి నీకేదో కావాలన్నావుగా. తీసుకెళ్ళి పాతిపెట్టుకో."

తలుపు గంట మోగింది. కిటికీలోంచి, తమ్ముడి కోటు కారు దాకా నడిచి వెళ్ళడం నెల్డా చూసింది. ట్విలా వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే చేయి ఊపేదాన్నా అని నెల్డా తనని తాను ప్రశ్నించుకుంది, ఊపేదాన్ని కాదని తేల్చుకుంది, ఆ తర్వాత ఏడ్చింది. అక్కకి చెప్పకు అన్నాడట. పెంచిన అక్క మనసుని అంతగా ఎరిగినవాడు.

వెండెల్ లోపలి గదిలోంచి వచ్చి పెట్టెని కాలితో చూపించాడు. "ఏమైంది అక్కా? దీన్ని బయట పడేయనా?"

"పడెయ్," అంది నెల్డా, కళ్ళద్దాలు తుడుచుకుంటూ. "ఆ గుడ్డ మీదిది మాత్రం ముట్టుకోకు."

అతను పెట్టె మోసుకుని వెనక తలుపులోంచి వెళ్ళాడు. ఆమె వల తీసుకుని మళ్ళీ తొట్టె దగ్గరికి నడిచింది. కౌంటరు మీద జత లేని అక్రోటు చెక్క వెల్లకిలా పడి ఉంది. బొటనవేలి గుంటలో కాస్త వెలుతురు నిలిచింది, మరమేకు దూరే రంధ్రంలోంచి కింద పరిచిన ఆకుపచ్చ గుడ్డ కనిపిస్తోంది.