దొరసాని లద్దె

పొద్దున్నే శాల తలుపు తీసిన కోడలికి నేల అద్దంలా కనిపించింది. గుర్రాన్ని సాకే ఇంట్లో అంతకంటే పాడు శకునం లేదు.

రాత్రంతా నిలబడ్డ గుర్రం కింద నాలుగైదు చోట్ల లద్దె పడి ఉండాలి. ఒక్క ఉండ కూడా లేదు. వేసిన గడ్డి వేసినట్టే ఉంది. అడుగుల చప్పుడుకే సకిలించే ఆడగుర్రం ఇవాళ మెడ తిప్పి తన డొక్క వంకే చూసుకుంటోంది. ముందు కాలితో నేల గీరుతోంది. బురదలో కాలు పెట్టమంటే వంకలు పెడుతుందని ఇంటిల్లిపాదీ దాన్ని దొరసాని అంటారు.

కోడలు డొక్కకు చెవి ఆనించింది. మామూలుగా అయితే లోపల ఎసరు మరుగుతున్నట్టు గుడగుడలు వినిపించాలి. రెండో పక్కకు వెళ్ళి ఆనించింది. చప్పుడు లేదు. దొరసాని తల్లి పోయింది కడుపునొప్పితోనే. ఆ రోజు దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది ఈమే.

"ఏమండీ, ఒకసారి రండి. ఇది లద్దె వేయలేదు."

బగ్గీ తోలే మొగుడు పళ్ళు తోముకుంటూ వచ్చాడు. "సంతోషించు. ఊడ్చే పని తప్పింది."

"కడుపు కదలడం లేదండీ. డాక్టరమ్మకు ఫోన్ చేయండి."

అతని నవ్వు ఆగిపోయింది. ఫోన్ చేసి, ఆ ఊపులోనే నూనె సీసా పట్టుకొచ్చాడు. "ఆవిడ వచ్చేలోగా నోట్లో పోసేద్దాం."

"మీరు పోస్తే అది కడుపులోకి పోతుందో ఊపిరితిత్తుల్లోకి పోతుందో ఎవరు చూడొచ్చారు? సీసా కింద పెట్టి పగ్గం పట్టుకోండి. నెమ్మదిగా నడిపించండి. పొర్లనివ్వకండి."

గడ్డి కూడా తీసి అవతల పడేసింది.

పశువుల డాక్టరమ్మ వస్తూనే దొరసాని పెదవి ఎత్తి, చిగుళ్ళ మీద వేలు నొక్కి వదిలింది. రంగు తిరిగి రావడం చూసింది. గుండె చప్పుడు విన్నది. ముక్కులోంచి గొట్టం దించి మందు పంపింది. అప్పుడు చేతులు తుడుచుకుంటూ అందరి వంకా చూసింది.

"తొందరగా కనిపెట్టారు, బతికించారు. సాయంత్రంలోగా లద్దె పడితే గండం గడిచినట్టే. పడకపోతే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి కోయాలి. ఇంతకీ నిన్న ఏం తిన్నది?"

"రోజూ తినేదే. నేనే కొలిచి పెట్టాను," అంది కోడలు.

"బండికి కట్టారా?"

"వాన కదండీ. రోజంతా శాలలోనే ఉంది."

"పని లేని రోజు దాణా తగ్గించాలి. అయినా మామూలు దాణాకే ఇంత బిగుసుకోదే..."

డాక్టరమ్మ పక్కనే నిలబడ్డ అత్తగారి వంక చూసింది. అత్తగారు ఆకాశం వంక చూసింది. అక్కడ చూడడానికి ఏమీ లేదు.

"దాణా బాల్చీ తన్నిందమ్మా," అంది చివరికి. "ఆకలేమోనని ఒక్క డబ్బాడు వేశాను. మధ్యాహ్నం."

"మధ్యాహ్నమా?" అన్నాడు మొగుడు. "నాకు సాయంత్రం తన్నిందే." అనేశాక నాలుక కరుచుకున్నాడు.

గుమ్మంలో మామగారు గొంతు సవరించుకున్నాడు. "నాకు దీపాలు పెట్టాక తన్నింది."

కోడలు ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. డాక్టరమ్మకు నవ్వాగలేదు. "మీరు బగ్గీ తోలుతున్నామనుకుంటున్నారు గానీ, అదే మిమ్మల్ని తోలుతోంది. ఇకమీదట దాణా పెట్టే చెయ్యి ఒక్కటే ఉండాలి. గడ్డీ నీళ్ళూ దండిగా ఉంచండి. ఆకలిగా ఉందా లేదా అని బాల్చీని అడక్కండి."

"నా చెయ్యే," అంది కోడలు.

మళ్ళీ నడక మొదలైంది. మొగుడు పగ్గం పట్టుకున్నాడు. వెనకాల కోడలు, అత్త, మామ, డాక్టరమ్మ. అందరి చూపూ తోక మీదే. ఎదురొచ్చినవాళ్ళు పక్కకు తప్పుకుని వింతగా చూశారు. ఎవరైనా పలకరిస్తే అత్తగారు "ఉండు నాయనా, మాటల్లో పెట్టకు" అని కసురుకుంది.

సందు మలుపులో తోక లేచింది. అందరూ ఊపిరి బిగబట్టారు. పెద్ద చప్పుడుతో గాలి మాత్రం పోయింది.

"శుభం," అన్నాడు మామగారు మొహం పక్కకు తిప్పుకుంటూ.

డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి విని, దాన్ని కోడలి చెవులకు తగిలించింది. దూరంగా మబ్బు ఉరిమినట్టు ఒక చప్పుడు, దాని వెనకే ఇంకొకటి. కోడలి కళ్ళు తడిశాయి. తల ఊపింది.

దర్జీ కొట్టు ముందుకు రాగానే దొరసాని ఆగింది. కాళ్ళు ఎడం చేసింది. తోక లేపింది. టపటపా పడ్డాయి ఉండలు, పచ్చగా, మెరుస్తూ, ఆవిరి కక్కుతూ. మొగుడు గుర్రం మెడ వాటేసుకున్నాడు. అత్తగారు కోడల్ని వాటేసుకుంది. మామగారికి ఎవరూ దొరక్క కొట్టు స్తంభాన్ని పట్టుకున్నాడు.

మెడలో టేపుతో దర్జీ బయటికొచ్చాడు. "వీధంతా వదిలేసి నా గుమ్మమే దొరికిందా పెద్దమ్మా?"

"తిట్టు నాయనా," అంది అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ. "ఇవాళ నువ్వెంత తిట్టినా పంచదార చల్లినట్టే ఉంటుంది."

దర్జీకి తిట్టే ఉత్సాహం చప్పబడిపోయింది. వాళ్ళందరి మొహాలూ చూశాడు, లద్దె వంక చూశాడు. లోపలికి వెళ్ళి చేట పట్టుకొచ్చాడు.

"అయితే ఊడవకండి. నా గులాబీ కుండీలకు కావాలి."

"అంతా నీదే," అంది కోడలు. "ఆ ఒక్క ఉండ మాత్రం ఉండనీ. ఇంకాసేపు చూసుకుంటాను."