శనివారం నూనె

బళేపేటలో శ్రీనివాసప్ప గాజుల కొట్టుకు కావలి కాసే కదిరప్పకు చెవులు మందగించి చాన్నాళ్లయింది. బట్టల మిల్లు హోరు తినేసిన చెవులవి. ఆ సంగతి పెళ్లాం సొన్నమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. చెవిటి కావలివాడికి కూడెవరు పెడతారు? అందుకే కరియను పెంచాడు. ఏ కాస్త అలికిడైనా ఆ నల్లకుక్క లేచి అతని పంచె పట్టి లాగేది. మనుషుల మాటలు పెదాలు చూసి అందుకునేవాడు. జీతం కదిరప్పది, కావలి కుక్కది.

శనివారమైతే వెంకటరమణస్వామి పేరు చెప్పి తలంటుకోవడం ఆ ఇంటి ఆచారం. తనకు అన్నం పెట్టే జీవానికి ఎందుకు తక్కువ చేయాలని, కరియకూ ఒంటికి ఆముదం పట్టించి, చెవుల్లో గోరువెచ్చని నువ్వులనూనె పోసేవాడు.

ఆ వానాకాలం కరియ చెవులు గోక్కోవడం పట్టుకుంది. తల విదిలించేది, గోడకు రాసుకునేది. చెవి మడిచి చూస్తే నల్లటి జిడ్డు గులిమి, పులిసిన కల్లు వాసన. కదిరప్ప ఇక శనివారం దాకా ఆగలేదు, రోజూ నూనె పోశాడు. మెడ కింద వెంట్రుకలు రాలి, తోలు నల్లగా మందమెక్కింది.

సొన్నమ్మ పోరు పడలేక పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరు తల వంచి కుక్క చెవి చూస్తూ అడిగినవాటికి పలక్కపోయేసరికి, కదిరప్ప చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు.

"ఇదొక బూజప్పా. కల్లును పులియబెట్టే దానికి చుట్టం. చెవిలో తడి ఉండాది, పైన నువ్వు పోసే నూనే దానికి కూడు. నూనె మానేసి, వెనిగర్ నీళ్లతో తుడిచి ఆరబెట్టు."

చెవికి నూనె వద్దనేవాడూ ఒక డాక్టరేనా అని దారి పొడవునా తిట్టుకున్నాడు కదిరప్ప. ఇంటికి రాగానే గిన్నె వెచ్చబెట్టాడు. సొన్నమ్మ చేయి పట్టుకుంది.

"నీవి ఎట్లాగూ పోయినాయి. దాని చెవులన్నా ఉండనీ."

విడిపించుకుని పోశాడు.

కార్తీకానికి చెవులు లోపలంతా వాచి మూసుకుపోయాయి. అప్పుడు గుర్తొచ్చింది వెనిగర్. పోస్తే పుండు మండి కరియ అతన్నే కరిచింది. పిలిస్తే తిరిగి చూడడం మానేసింది.

ఒక సాయంత్రం కదిరప్ప కొట్టు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. కరియ కాళ్ల దగ్గర పడుకుని ఉంది. ముందర నీడ పడితే వెనక్కి తిరిగాడు. శ్రీనివాసప్ప నిలబడి ఉన్నాడు. ఆయన కాళ్ల ముందు రాతి నేల మీద, చేజారి పడిన ఇత్తడి పళ్లెం ఇంకా గిరగిరా తిరుగుతోంది. కుక్క కదలలేదు.

శ్రీనివాసప్ప కుక్కను చూశాడు, అతన్ని చూశాడు. పైపంచె నోటికి అడ్డం పెట్టుకుని ఏదో అడిగాడు. కదిరప్పకు బట్ట కదలడమే కనిపించింది.

"అట్లేనప్పా" అన్నాడు.

శ్రీనివాసప్ప చేయి చాచి, అతని చేతిలోని కావలి కట్టె తీసుకున్నాడు.