మూడు నిమిషాల పరీక్ష

ఆ సెలూన్లో ఆమెను అందరూ చిన్నది అనే పిలుస్తారు. యజమానురాలికి చెల్లెలు మరి. నలభై దాటినా ఆ పిలుపు వదల్లేదు. ఇరవై ఏళ్లుగా ఎత్తిన చేయి దించకుండా ఆడవాళ్ల జుట్టు కత్తిరిస్తూ, ఆరబెడుతూ బతుకుతోంది. ఇప్పుడా కుడిచేయే ఆమె మీద పగబట్టింది. పైకెత్తితే చాలు, మెడ నుంచి చిటికెన వేలి దాకా తిమ్మిరి, మంట. వేళ్లలో కత్తెర ఉందో లేదో చూసుకుంటే గాని తెలియదు.

ఆరునెలల వ్యాయామాలతో ఒరిగిందేమీ లేదు. కాలర్ బోన్‌కీ మొదటి పక్కటెముకకీ మధ్య నరాలు నలుగుతున్నట్టున్నాయి, అదే అయితే ఆ పక్కటెముక తీసేస్తానన్నాడు డాక్టరు. చిన్నదాని ఆశంతా ఆ ఆపరేషన్ మీదే. కాని ముందు పరీక్ష చెయ్యాలిగా.

"చేతులు పైకెత్తి పిడికిళ్లు మూస్తూ తెరుస్తూ ఉండమ్మా. మూడు నిమిషాలు. నొప్పి పుడితే చెప్పి దించెయ్."

అర నిమిషానికే మంట మొదలైంది. దించిందా? అబ్బే! సెలూన్ కుర్చీలో కూర్చున్న మనిషి అద్దంలోంచి చూస్తుంటే మొహం చిట్లించకూడదు, పని సగంలో చేయి దించకూడదు. ఒంట్లో ఇంకిపోయిన అలవాటు. డాక్టరు ముందు కూడా నవ్వుతూ మూడు నిమిషాలూ నిలబెట్టింది, మహాతల్లి!

"బాగానే ఉన్నావే. ఆపరేషన్ అక్కర్లేదు," అంటూ డాక్టరు కలం అందుకున్నాడు.

పరీక్ష నెగ్గాలనుకుంది పిచ్చిది, తన గొయ్యి తానే తవ్వుకుంది. చెబుదామంటే పక్కనే అక్క ఉంది.

లేచి సంచీ అందుకోబోతే వేళ్లలోంచి జారి పడింది. తీసివ్వబోయిన అక్క ఆ వేళ్లు పట్టుకుని ఉలిక్కిపడింది. చల్లగా, బిగుసుకుపోయి ఉన్నాయి.

"నిజం చెప్పవే. నొప్పి ఎప్పుడు పుట్టింది?"

"ఎత్తగానే." ఆ మాట బయటికొచ్చాక ఏడుపు ఆగలేదు.

డాక్టరు రాసింది కొట్టేశాడు. మెడ పక్కన మళ్లీ నొక్కి చూశాడు, స్కాన్లు తిరగేశాడు, చివరికి ఆపరేషన్‌కి తేదీ వేశాడు. మూడు నెలలు పనికి వెళ్లొద్దన్నాడు.

వరండాలోకి వచ్చాక అక్క అడిగింది. "ఏదో తిమ్మిరి అన్నావు గాని, ఇంత బాధ అని నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే నా కుర్చీ ఇంకొకరికి ఇచ్చేస్తావని."

అక్క నేల చూపులు చూసింది.

"ఆ కుర్చీకి పోయిన వారమే ఒకామెతో మాట్లాడానే," అంది.